చెయ్యొచ్చు, చెయ్యరు

మా స్కూల్లో మధ్యాహ్నం అన్నాల వేళ లెక్కల టీచరు తన ఫోను నా ముందు పెట్టి, "ఇది చూడవే, నవ్వలేక చస్తావు" అంది. లండన్ పార్లమెంటులో కొత్తగా ఎన్నికైన స్పీకరును ఇద్దరు సభ్యులు చెరో రెక్కా పట్టుకుని కుర్చీ వైపు లాక్కుపోతున్నారు. ఆయన రానురానంటూ వెనక్కి గింజుకుంటున్నాడు. సూట్లేసుకున్న పెద్దమనుషులు చంటిపిల్లాణ్ణి మొదటిరోజు బడికి లాక్కుపోయినట్టు లాగుతున్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేను మాత్రం క్యారేజీ మూత పెట్టేసి చెయ్యి కడుక్కోవడానికి బయటికి వచ్చేశాను.

ఆ లాగుడు నాకు కొత్త కాదు. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు మొదటిరోజు క్లాసులోనే చూశాను. మగపిల్లలిద్దరు రెక్కలు పట్టుకుని లాగుతుంటే, గుమ్మం పట్టుకుని వేలాడుతున్న ఆ పెద్దాయన "రానంటున్నాగా! ఒరేయ్, నన్ను వదలండ్రా!" అని అరిచారు. మేమంతా "లాగండి, లాగండి" అని అరిచాం. ఆయన మాకు రాజనీతిశాస్త్రం చెప్పడానికి వచ్చిన మాస్టారు. లాగమని వాళ్ళకి చెప్పిందీ ఆయనే. ఆయన పోయి ఇంకా నెల కాలేదు.

కుర్చీ దగ్గరికి చేరాక జేబురుమాలుతో దాన్ని తుడిచి, సగం కుర్చీలోనే కూర్చున్నారు. ఎప్పుడూ అంతే, సగంలోనే కూర్చునేవారు. "పూర్వం స్పీకరు పోయి సభ మాట రాజుగారికి చెప్పాల్సొచ్చేది. నచ్చని మాట చెబితే తల తీయించిన రోజులున్నాయి. అందుకని ఆ కుర్చీ అంటే ఎవరికైనా వణుకు. ఇప్పుడు తలలు తియ్యడం లేదు గానీ లాగడం మానలేదు. కుర్చీ అంటే భయం ఉండాలర్రా" అన్నారు. ఆగి, కళ్ళజోడు పైనుంచి చూసి, "అక్కడ కుర్చీలోకి లాగాలి. మన పల్నాట్లో కుర్చీలోంచి లాగాలి" అన్నారు. అప్పుడు నవ్వాం, నోట్సులో రాసుకోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. దాచాలని కాదు. పేరు పెట్టి పిలవడం ఆయన దగ్గర శిక్ష. లండన్ సభలో సభ్యులు ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు, ఫలానా ఊరి గౌరవ సభ్యుడు అంటారు. మాట వినని సభ్యుణ్ణి స్పీకరు పేరు పెట్టి చదివాడంటే అతన్ని బయటికి పంపడానికే. మా క్లాసులోనూ అదే చట్టం. "నకరికల్లు గౌరవ సభ్యులు కునికిపాట్లు పడుతున్నట్టున్నారు. సభ వారిని లేపుతుందా?" అనేవారు. నేను దుర్గి గౌరవ సభ్యురాల్ని. మా నాన్న దుర్గిలో రాయి చెక్కే మనిషి. మా ఇంట్లో నన్ను 'ఏమే' అంటే ముద్దు చేసినట్టు లెక్క. అలాంటిది, జుట్టంతా నెరిసిన మనిషి నన్ను 'గౌరవ సభ్యురాలా' అని పిలిచి ప్రశ్న అడిగినప్పుడు నేను లేచి నిలబడి, చున్నీ సర్దుకుని, జవాబు మర్చిపోయాను.

ఆ మూడేళ్ళలో ఆయన పేరు పెట్టి పిలిచింది ఒక్కణ్ణే. మాచర్ల సభ్యుడు ఒక అమ్మాయి జడకు సుద్దముక్క కట్టాడు. మాస్టారు పుస్తకం మూసి, ఇంటిపేరుతో సహా వాడి పూర్తి పేరు చదివారు. అరవలేదు, తిట్టలేదు. వాడు సంచి తీసుకుని పోయి వరండాలో స్తంభం పక్కన నిలబడి ఏడ్చాడు. ఇప్పుడు వాడు గురజాలలో పెద్ద కాంట్రాక్టరు. ఆ కబురు చెప్పుకుని ఇప్పటికీ చెవులు పట్టుకుంటాడు.

పాఠం చెప్పడంలో ఆయనకి దేనికీ మొహమాటం లేదు. రాజుగారి దూత వస్తే లండన్‌లో కామన్స్ అనే కింది సభ వాళ్ళు అతని మొహం మీదే తలుపు వేస్తారని, కర్రతో మూడుసార్లు తట్టాకే తీస్తారని చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలు గుమ్మంలోకి వచ్చాడు. మాస్టారు మా వైపు చూసి కళ్ళెగరేశారు. వెనక బెంచీ వాళ్ళు లేచి తలుపు ధడాలున వేసేశారు. తర్వాత ప్రిన్సిపాలు నిజంగానే తట్టాడు, కాకపోతే రెండుసార్లే. "ఇంకొకటి బాకీ" అని మాస్టారు లోపలినుంచి అన్నారు. ఆ సాయంత్రం ఆయనకి మెమో ఇచ్చారని తెలిసింది.

అసలు పాఠం మాత్రం ఒక్కటే. అదే మూడేళ్ళూ చెప్పారు.

"బ్రిటన్‌కి మనలాగా రాజ్యాంగం అని ఒక పుస్తకం లేదు. కొన్ని చట్టాలున్నాయి, కొన్ని కోర్టు తీర్పులున్నాయి. మిగతాదంతా అలవాటే" అన్నారు.

"రాసి లేకపోతే ఎట్టా నడుస్తది సార్?" అని నకరికల్లు సభ్యుడు అడిగాడు.

"మీ అక్క పెళ్ళిలో ముందు ఎవరికి వడ్డించారు?"

"మగపెళ్ళివారికి సార్."

"అట్టా వడ్డించాలని ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేదు సార్. వడ్డించకపోతే లేచిపోతారు."

"అదీ రాజ్యాంగం. కూర్చో."

తర్వాత బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క 'చెయ్యొచ్చు' అనీ రెండో పక్క 'చెయ్యరు' అనీ రాశారు. "పార్లమెంటు పంపిన బిల్లు మీద రాణి సంతకం పెట్టననొచ్చు. అనదు. సభలో బలం లేనివాణ్ణి పిలిచి ప్రధానమంత్రిని చెయ్యొచ్చు. చెయ్యదు. సభ నమ్మకం పోయిన ప్రధాని కుర్చీ పట్టుకుని ఇంకొన్నాళ్ళు వేలాడొచ్చు. వేలాడడు. ఆ దేశమంతా ఈ రెండు మాటల మధ్య నడుస్తోందర్రా. రాసిన రూలు తప్పితే పోలీసులొస్తారు. రాయని రూలు తప్పితే ఎవరూ రారు. వాడికే సిగ్గెయ్యాలి."

ఆయన దీన్ని ఊరికే పాఠంగా చెప్పి వదల్లేదు. ఒకసారి మాచర్ల బస్సులో కనిపించారు. ఆడవాళ్ళ సీటు ఖాళీగా ఉంది, బస్సులో నిలబడ్డ ఆడమనిషి ఎవరూ లేరు. కండక్టరు కూర్చోమన్నాడు. "కూర్చోవచ్చు" అన్నారు మాస్టారు, కూర్చోకుండా. గురజాల దాకా రాడ్డు పట్టుకుని ఊగుతూనే వచ్చారు. కండక్టరు నా వైపు తిరిగి, "మీ సారుకి కొంచెం తిక్కా?" అని అడిగాడు. అవునన్నాను, గర్వంగానే.

పరీక్షల్లో ఆయన తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. ఓట్లు రెండు వైపులా సమానమైతే స్పీకరు ఏం చేస్తాడు? జవాబు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. స్పీకరు ఎటైనా వెయ్యొచ్చు, కానీ అట్లా వెయ్యడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే వైపే వేస్తాడు. సభకి లేని మెజారిటీని తన చేత్తో పుట్టించకూడదు గనక.

పెళ్ళయ్యాక నేను నరసరావుపేట శివార్లలో ఒక కాలనీలో ఇల్లు కట్టుకుంటే, మాస్టారిల్లు మా వీధి చివరే అయింది. అప్పటికి రిటైరయ్యారు. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషని కాలనీ సంఘానికి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. ఆ రోజు గేటు దగ్గర ఆగిపోయి, నా వైపు చూసి చెయ్యి చాపారు. నేను లాగాను. ఆయన గింజుకున్నారు. మోకాళ్ళ నొప్పులనుకుని పక్కింటావిడ నొప్పుల మందు తెచ్చింది. మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆయన దగ్గర నేను మనసారా నవ్వింది అదే ఆఖరు.

కాలనీ మొగదల్లో పార్కు కోసం వదిలిన ఖాళీ జాగా ఒకటుంది. దాని మూల మస్తాను రేకుల షెడ్డు ఉండేది. స్కూటర్లూ మోపెడ్లూ బాగుచేసేవాడు. మా ఇళ్ళు లేవకముందు నుంచీ అక్కడే ఉన్నాడు. మా అందరి బళ్ళూ వాడి చేతిమీదుగా నడిచినవే. సంఘం కార్యదర్శి ఒక బియ్యం మిల్లు యజమాని. ఆయనకి అక్కడ ప్రహరీ కట్టి, ఆర్చీ పెట్టి, కాలనీ పేరు రాయించాలని కోరిక. ఆర్చీ కింద మడ్డినూనె మరకలుంటే బాగుండదన్నాడు. ముందునుంచీ ఉన్నవాణ్ణి ఎట్టా పొమ్మంటామని కొందరం అన్నాం. మాటలు ముదిరాయి. ఇంటికొక చెయ్యి లెక్కన తేల్చుకుందామని మాస్టారి వరండాలో సమావేశం పెట్టారు. మస్తాను గేటు బయట నిలబడ్డాడు, పిలిస్తే పలుకుదామని. ఎవరూ పిలవలేదు.

మా ఆయన డ్యూటీలో ఉంటే మా ఇంటి చెయ్యి నేనెత్తాను, షెడ్డు ఉండాలని. లెక్కపెడితే రెండు వైపులా సమానం వచ్చింది.

"మీ చెయ్యే ఇక మాస్టారూ" అన్నాడు మిల్లాయన.

మాస్టారు లేచి నిలబడ్డారు. నాకు లోపల సంతోషం పొంగింది. ఈ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు.

"ఇలాంటప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలి" అన్నారు, క్లాసులో గొంతుతో, గేటు దాకా వినిపించేటట్టు. "లండన్ కామన్స్ సభలో స్పీకరు..."

"ఏంది మాస్టారూ, రేకుల షెడ్డుకి లండన్ దాకా పోవాలా? ఇది పేట!" అని మిల్లాయన నవ్వాడు. "మన బైలాలో ఏముంది? అధ్యక్షుడు ఎటన్నా వెయ్యొచ్చని ఉందా, లేదా?"

"ఉంది. వెయ్యొచ్చు."

"మరింకేంది? రాణిగారికి ఫోన్ చేసి అడగమంటారా?"

వరండా అంతా గొల్లుమంది. మస్తాను వైపు చెయ్యెత్తినవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. మాస్టారు అటూ ఇటూ చూశారు. తర్వాత ఆయనా నవ్వారు. ఆ నవ్వు నాకు తెలీదు. ప్రిన్సిపాలుకి తలుపు వేయించిన మనిషి, కండక్టరు తిక్క అన్నా చలించని మనిషి, అందరిలో ఒకణ్ణి అనిపించుకోవడానికి నవ్విన నవ్వు అది. "సర్లెండి, లండన్ ఎందుకులే" అని, గొంతు తగ్గించి, మిల్లాయన వైపు చెయ్యెత్తేశారు.

నేను తలొంచుకుని చెప్పులేసుకున్నాను. తప్పు చేసింది ఆయన, తల ఎత్తలేనిది నేను. మన పెద్దవాళ్ళు నలుగురిలో చిన్నబోతే మనకెందుకు మొహం చెల్లదో నాకు ఆ రోజే అర్థమైంది.

మర్నాడే మస్తాను రేకులు విప్పుకుని, వినుకొండ రోడ్డులో బైపాస్ దాటాక ఒక చోట వేసుకున్నాడు. అంత దూరం ఎవరు పోతారు? బేరాలు పడిపోయాయి. వాడి భార్య మిరపకోతలకి కూలికి పోవడం మొదలుపెట్టింది. మాకు ఆర్చీ వచ్చింది.

తర్వాతి సమావేశంలో మాస్టారు మామూలుగా వచ్చి, కుర్చీ తుడిచి, కూర్చోకుండా నిలబడ్డారు. ఇంటిపేరుతో సహా తన పేరు తానే పైకి చదివారు, నిదానంగా. తర్వాత చేతికర్ర తీసుకుని సొంత వరండాలోంచి సొంత ఇంట్లోకి వెళ్ళిపోయి తలుపేసుకున్నారు. "పెద్దతనం. పేరు మర్చిపోకుండా చదువుకుంటన్నాడు కాబోలు" అన్నాడు మిల్లాయన. దాని అర్థం తెలిసింది అక్కడ నాకొక్కదానికే. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్ళీ నవ్వేవాళ్ళు.

ఆ తర్వాత ఆయన నన్నెప్పుడూ గౌరవ సభ్యురాలా అనలేదు. అమ్మా అనేవారు, అందరిలాగే.

ఒకరోజు నా బండికి పంక్చరై తోసుకుంటూ మస్తాను దగ్గరికి పోతే మాస్టారు అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నారు. తన పాత స్కూటరు ఎదురుగా ఉంది. మస్తాను దాని నట్టొకటి విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. నన్ను చూసి పక్కకి వచ్చి మెల్లగా, "బండికేం లేదు టీచరమ్మా. వారం వారం తెస్తాడు. పెద్దాయనకి తోచక వస్తాడనుకుంటా" అన్నాడు. మాస్టారు జేబులో చెయ్యి పెట్టబోతే మస్తాను గబగబా చెయ్యి అడ్డం పెట్టాడు. "మీ దగ్గర తీసుకుంటే నా చెయ్యి పుచ్చిపోద్ది సార్. ఆ కాలనీలో నాకోసం నోరెత్తింది మీరొక్కరే. గేటుకాడ నిలబడి నా చెవులతో విన్నా."

మాస్టారి మెడ లోపలికి ముడుచుకుపోయింది. మస్తాను మొదటి మాట విన్నాడు. నవ్వులు విన్నాడు. తర్వాత ఎత్తిన చెయ్యి గేటు దాకా కనపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం బళ్ళు పక్కపక్కన నడిపించుకుంటూ వచ్చాం. అడక్కుండానే ఆయనే చెప్పారు. "చెబుదామనే పోతానమ్మా ప్రతిసారీ. టీ తెప్పిస్తాడు. తాగి వచ్చేస్తా."

"మీరు అధ్యక్ష పదవి వదిలేశారుగా సార్. అక్కడితో అయిపోయింది."

"అది సులువమ్మా. రాజీనామా అనేది సభకి చెప్పే మాట. వాడికి చెప్పాల్సిన మాట వేరు. దానికి లండన్ వాళ్ళ దగ్గర కూడా సంప్రదాయం లేదు, వెతికా" అన్నారు. నేను మాత్రం, ఎండ ఎక్కువగా ఉంది సార్ అన్నాను.

అట్లా ఆయన పోతూ వస్తూనే ఉన్నారు, ఒకరోజు గుండె ఆగిపోయేదాకా.

శవం లేచేరోజు మస్తాను కొట్టు మూసి వచ్చాడు. వచ్చినవాళ్ళందరితో చెబుతున్నాడు, "నా షెడ్డు కోసం చెయ్యెత్తింది సారొక్కడే" అని. మిల్లాయన అక్కడే కుర్చీలో కూర్చుని, "అవునవును, చానా మంచి మనిషి" అని తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాడె మీద ఉన్న మనిషికి అబద్ధపు దండ వేస్తున్నారు, అదీ ఆ అబద్ధం వల్లే ఇన్నాళ్ళూ కుంగిపోయిన మనిషికి. ఆయన చెప్పలేనిది నేను చెప్పాలనుకున్నాను. అది గురుభక్తే అనుకున్నాను.

దినాలయ్యాక మస్తాను దగ్గరికి పోయి చెప్పేశాను. వాడు ముందు నమ్మలేదు.

"కాదు టీచరమ్మా. నేను విన్నా."

"నువ్వు విన్నది మొదటి మాట మస్తాన్ అన్నా. తర్వాత అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, మిల్లాయన వైపు ఎత్తారు."

మస్తాను చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆయన ఎత్తకుంటే ఏమయ్యేది?"

"షెడ్డు ఉండేది."

"ఎత్తగూడదని యాడన్నా రాసుందా?"

"ఎక్కడా లేదు. ఎత్తొచ్చు."

"మరి దేనికి వచ్చేవాడు వారం వారం?"

"నీతో చెబుదామని."

రోడ్డు మీద ఎండుమిర్చి బస్తాల లారీ ఒకటి పోయింది. మస్తాను చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వెటు ఎత్తావు?"

"నీ వైపే" అన్నాను. ఆలోచించకుండా, వెంటనే. ఆ మాట ఇన్నేళ్ళూ నాలుక చివర పెట్టుకుని ఉన్నానని, మాస్టారి కోసం అనుకుంటూ నేను ఇంత దూరం వచ్చింది అది చెప్పుకోవడానికే కావచ్చునని, అనేశాక తెలిసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"బతికుండగా చెప్పుంటే నాలుగు తిట్టేవాణ్ణి" అన్నాడు మస్తాను. "చానా తిట్టేవాణ్ణి. తిట్టాక మళ్ళీ ఆయన బండి చూసేవాణ్ణి. అక్కడితో ఇద్దరికీ వదిలిపోయేది. ఇప్పుడు ఎవర్ని తిట్టమంటావు? బూడిదనా?"

"నన్ను తిట్టన్నా" అన్నాను. నిజంగానే అన్నాను.

మస్తాను పానా తీసుకుని బండి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు నా వైపు ఎత్తావు గదమ్మా. నిన్నెట్టా తిట్టేది?" అన్నాడు, నా మొహం చూడకుండా.